పిల్లల్ని వదిలి బందరు దాకా



మా అత్తగారి తరంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే కలిసి గడప దాటాలంటే ఉన్న దారి ఒక్కటే, సెకండ్ షో. పిల్లలకి పెందలాడే అన్నాలు పెట్టి, నిద్రపుచ్చి, పక్కన నాయనమ్మని పడుకోబెట్టి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసి రిక్షా ఎక్కేవారు. బెజవాడలో సినిమా హాళ్ళకి కొదవా! దుర్గా కళామందిరమో, మారుతీ టాకీసో, ఏదో ఒకటి. తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటేది. తెల్లారి పిల్లలు లేచేసరికి అమ్మ యథాప్రకారం పొయ్యి దగ్గర ఉండేది. "ఏమేం సినిమాలు చూశారత్తయ్యా?" అని అడిగితే ఆవిడకి సగం పేర్లు గుర్తుండవు. రిక్షాలో మావయ్యగారు ఏమన్నారో మాత్రం పొల్లు పోకుండా చెబుతారు.

ఆ సెకండ్ షో మాకు లేదు. హాళ్ళు పోయి కాదు, పిల్లల నిద్ర పోయి. పది దాటేదాకా హోంవర్కులు, ఆ తర్వాత ఫోను కోసం పేచీ. వాళ్ళు పడుకునేసరికి మనకి కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇక భార్యాభర్తల మధ్య మిగిలే మాటలేమిటో మీకు తెలుసు. ఫీజు కట్టావా? గ్యాస్ వచ్చిందా? ఆటో అతనికి డబ్బులిచ్చావా? ఆఫీసులో ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి ఫైళ్ళు పంపుకున్నట్టు ఉంటుంది మా సంభాషణ. తగవులు లేవు, అరుపులు లేవు. పనులు జరిగిపోతుంటాయి. ఏమీ చెడిపోలేదు గనక ఏదో తగ్గిందన్న అనుమానం కూడా రాదు.

అలాంటివాళ్ళ కోసమే ఈ ప్రసంగం. విషయం చిన్నదే. ఆలుమగలు ఇద్దరూ, పిల్లలు లేకుండా, ఊరికి దగ్గర్లో, ఒక్క రాత్రికి వెళ్ళిరావడం.

ఊటీ అనడం లేదు. కొడైకెనాల్ అనడం లేదు. పెళ్ళైన కొత్తలో అందరం అనుకున్నవే అవి. "పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక" అంటాం, "వచ్చే వేసవికి" అంటాం. దూరప్రయాణమంటే నాలుగు రోజుల సెలవు కావాలి, రైలు టిక్కెట్లు దొరకాలి, చేతిలో డబ్బాడాలి. అన్నీ కుదిరినా, పిల్లల్ని నాలుగు రోజులు ఎవరు చూస్తారన్న దగ్గర ఆగిపోతుంది. అదే డెబ్భై కిలోమీటర్లయితే లెక్క మారుతుంది. ఒక్క రాత్రే గనక ఇంట్లో పెద్దవాళ్ళు సరేనంటారు. పిల్లాడికి జ్వరమొచ్చిందని ఫోనొస్తే రెండు గంటల్లో ఇంట్లో ఉంటాం. ఆ ధైర్యం ఉంటేనే తల్లి ప్రాణం కుదుటపడుతుంది. కాబట్టి దగ్గరి ఊరు అనేది దూరానికి వెళ్ళలేనివాళ్ళ సర్దుబాటని నేను ఒప్పుకోను. పిల్లలున్న దంపతులకి దగ్గరి ఊరే సరైన ఊరు.

బెజవాడలో ఉండేవాళ్ళం రోజూ బందరు రోడ్డు మీదే తిరుగుతాం. బోర్డుల మీద మహాత్మాగాంధీ రోడ్డని ఉన్నా మా నోట్లో అది బందరు రోడ్డే. బెంజి సర్కిల్ దాటి, పటమట దాటి, అదే రోడ్డు పట్టుకుని పోతే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చివరికి బందరు. ఆ రోడ్డు పక్కనే కాపురం పెట్టి, ఆ రోడ్డు చివరికి ఎన్నడూ వెళ్ళని సంసారాలు మా వీధిలోనే బోలెడున్నాయి. మాదీ అందులో ఒకటిగా ఉండేది.

బందరే ఎందుకంటారా? నిజం చెప్పాలంటే మొదట అంత దూరం కూడా అనుకోలేదు. ఉన్న ఊళ్ళోనే ఏదన్నా మంచి హోటల్లో ఒక రాత్రి గది తీసుకుందామన్నారు మా ఆయన. ఫోన్ చేస్తే, ఆధార్ మీద అడ్రసు ఏ ఊరని అడిగారు. బెజవాడ అన్నాం. "లోకల్ ఐడీ అయితే గది ఇవ్వమండీ" అన్నారు. పెళ్ళయి పదేళ్ళు దాటిన మొగుడూ పెళ్ళాలం బాబూ అంటే, రూల్ అంతే అన్నారు. చాలా ఊళ్ళలో ఇదే తంతు. ఏ చట్టంలోనూ లేని ఈ రూలు వాళ్ళకి వాళ్ళు పెట్టుకున్నది. అందుకని సొంత ఊళ్ళో ఉండాలనుకునేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. సామాను పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డాక ఆ మాట వినడం బాగుండదు. మాకు మాత్రం అలా బందరు ఖాయమైంది. 2022లో జిల్లాలు విడదీశాక బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, బందరు కృష్ణా జిల్లాకి ముఖ్యపట్టణంగా ఉండిపోయింది. కాబట్టి మేం గొప్పగా పొరుగు జిల్లాకి వెళ్ళొచ్చాం అని చెప్పుకోవచ్చు.

అయితే ఈ ప్రయాణం బాగుంటుందా, బాగుండదా అన్నది బస్సెక్కాక తేలేది కాదు. అంతకు ముందు రోజు ఇంట్లోనే తేలిపోతుంది.

ఒక్క రాత్రి ఊరెళ్ళాలంటే మామూలుగా ఇల్లాలు ఏం చేస్తుంది? ఇడ్లీపిండి రుబ్బుతుంది. రెండు పచ్చళ్ళు చేసి పెడుతుంది. పప్పు వండి ఫ్రిజ్‌లో పెట్టి, అది ఏ గిన్నెలో ఉందో మూడుసార్లు చెబుతుంది. సోమవారం బడికి యూనిఫాంలు ఇస్త్రీ చేస్తుంది. పాలవాడికి, పనమ్మాయికి, ట్యూషన్ టీచరుకి చెబుతుంది. చివరికి అర్ధరాత్రి తన బట్టలు రెండు సంచిలో కుక్కుకుంటుంది. ఆ మగమహారాజు పొద్దున్నే స్నానం చేసి, సెంటు రాసుకుని, "రెడీనా?" అంటాడు. బండి కంకిపాడు దాటకుండానే ఆవిడ నిద్రపోతుంది. "నిన్ను షికారు తీసుకొస్తే నిద్రపోతావేమిటి?" అని ఆయనకి కోపం.

అందుకే మా ఇంట్లో ముందే మాట్లాడుకున్నాం. నా సంచి మాత్రం నేను సర్దుకుంటాను, మిగతాదంతా మీదే అన్నాను. వంట తగ్గించి, ఒక పూటకి బయటి నుంచి తెప్పించమని మా ఆయనే చెప్పారు. పిల్లల మందులు, డాక్టరు నంబరు, ఆటో అతని నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. మా అత్తగారు ఆ కాగితం చూసి, "నిన్ను పెంచింది నేనేరా, నాకే పాఠాలా?" అన్నారు. ఆవిడ అన్నదీ న్యాయమే. కానీ ఆ కాగితం రాసేటప్పుడే చిన్నవాడికి ఏ మందు పడదో మా ఆయనకి మొదటిసారి తెలిసింది.

ఇంకొకటి. పిల్లలకి చెప్పకుండా జారుకోవడం మనవాళ్ళ పాత అలవాటు. పిల్లని పక్కింటికి తీసుకెళ్ళి ఏదో ఆట చూపిస్తుంటే, ఇటు నుంచి అమ్మానాన్నా మాయం. "ఇప్పుడే వచ్చేస్తారమ్మా" అని రాత్రిదాకా అబద్ధాలు. నాకిది బొత్తిగా నచ్చదు. ఒకసారి అలా మోసపోయిన పిల్ల, తర్వాత అమ్మ దొడ్డివైపు వెళ్ళినా కొంగు వదలదు. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పుడొస్తామో, ఎవరి దగ్గర పడుకోవాలో వాళ్ళ మొహం చూసి చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అది కాసేపే. "మమ్మల్ని ఎందుకు తీసుకెళ్ళరు?" అని మా అబ్బాయి నిలదీశాడు. "మీ నాన్నతో కబుర్లు చెప్పుకోవడానికి" అన్నాను. "ఇంట్లో చెప్పుకోవచ్చుగా" అన్నాడు. చెప్పుకోనివ్వరుగా మీరు!

ఇక రాత్రి ఫోను సంగతి. వీడియో కాల్ వద్దు. అప్పటిదాకా నాయనమ్మ కథ వింటున్న పిల్ల, తెరమీద అమ్మ మొహం కనపడగానే రాగం తీస్తుంది. పెద్దవాళ్ళతో ఒక టైము అనుకుని, ఆ టైముకి మామూలు ఫోను చేసి, నాలుగు మాటలు మాట్లాడి పెట్టెయ్యడం మంచిది.

సరే, దారిలో పడదాం. సంక్రాంతి వెళ్ళాక వచ్చే శనివారాలు ఈ ప్రయాణానికి బాగుంటాయి. ఎండ ముదరదు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు బారులు తీరుతాయి. కోతలైన మాగాణుల్లో మినుము పచ్చగా ఉంటుంది. మా డెల్టాలో వరి కోతకి ముందే, నిలబడ్డ చేలో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి కింద మొలక సిద్ధంగా ఉంటుంది. కారు లేకపోయినా బెంగ లేదు. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి బందరుకి బస్సుల మీద బస్సులు. మధ్యలో ఊళ్ళు చూడాలనుకుంటే అవనిగడ్డ బస్సెక్కితే పామర్రు దగ్గర కుడిపక్కకి తిరిగి కూచిపూడి, చల్లపల్లి మీదుగా పోతుంది.

మేం అలాగే వెళ్ళాం. వెళ్ళాక తెలిసిందేమిటంటే, ఈ నాలుగైదు ఊళ్ళ సాహిత్యమంతా ఆలుమగల గొడవే.

కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. ఉత్తరాంధ్ర జిల్లా కాదండీ, ఘంటసాల మండలంలో చిన్న పల్లె. అక్కడి దేవుడు ఆంధ్రమహావిష్ణువు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి పోతూ బెజవాడలో ఆగి, అక్కణ్ణుంచి ఈ ఊరొచ్చి, ఏకాదశి ఉపవాసముండి, ఆ రాత్రి నాలుగో జామున కలగన్నాడు. కలలో స్వామి కనిపించి, తెలుగులో కావ్యం రాయమన్నాడు. ఏ కథ రాయమన్నాడు? యుద్ధం కథ కాదు. శ్రీరంగంలో జరిగిన తన పెళ్ళి కథ. అదే ఆముక్తమాల్యద. సైన్యాన్ని వెంటేసుకుని పోతున్న రాజుని ఆపి, నా పెళ్ళి ముచ్చట చెప్పవయ్యా అన్న దేవుడు నాకు చాలా నచ్చాడు.

ఆ దేవుడి మీదే కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం చెప్పాడు. నిందాస్తుతి. తిడుతున్నట్టే ఉంటుంది, పొగుడుతాడు. అందులో ఒక పద్యంలో స్వామిని పట్టుకుని ఏమంటాడంటే, భూదేవి లాంటి సమర్థురాలు నీకు పెళ్ళామైంది కాబట్టి లోకభారం మోసేవాడివన్న పేరొచ్చింది, లక్ష్మి పెళ్ళామైంది కాబట్టి అడిగినవన్నీ ఇచ్చేవాడివన్న పేరొచ్చింది, కొడుకు బ్రహ్మ వల్ల ఒక పేరు, కూతురు గంగ వల్ల ఇంకో పేరు. ఇవన్నీ ఆలుబిడ్డలు తెచ్చిన పేర్లే గాని నీ సొంతం ఏముందయ్యా అంటాడు. గుడి మండపంలో కూర్చుని మా ఆయనకి ఈ పద్యం అర్థం చెప్పాను. ఫ్రిజ్ మీద అంటించిన కాగితాన్ని గుర్తు చేసి, నేను కొంత నయం కదా అన్నారు. ఒప్పుకున్నాను.

కూచిపూడికి దగ్గర్లోనే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో ముద్ర మువ్వగోపాలుడిదే. ఆ పదాల్లో ఎక్కువగా వినిపించేది ఆడదాని గొంతు. ఎదురుచూస్తుంది, అలుగుతుంది, తలుపేసేస్తుంది, మళ్ళీ తనే కబురు పంపుతుంది. నేటి సీరియళ్ళలో లేని మర్యాద, నేటి సీరియళ్ళలో లేని చనువు రెండూ వాటిల్లో ఉన్నాయి.

కూచిపూడి సంగతి చెప్పనే అక్కర్లేదు. సిద్ధేంద్రయోగి భామాకలాపం పుట్టిన ఊరు. కృష్ణుడి మీద అలిగిన సత్యభామ చెలికత్తె మాధవి చేత ఉత్తరం పంపిస్తుంది. నీ మొగుడి పేరేమిటో చెప్పమని మాధవి అడిగితే, చెప్పడానికి ఆ మహాగర్వికి సిగ్గు ముంచుకొస్తుంది. జనం విరగబడి నవ్వే ఘట్టం అది. ఈ సత్యభామ వేషాన్ని తరాల తరబడి వేసింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణశర్మగారు భామగా జడ ముందుకు వేసుకుంటే ఆడవాళ్ళు కూడా అలా నడవాలని ముచ్చటపడేవారట. ఇక సిద్ధేంద్రుడి కథే చిత్రం. చిన్నప్పుడే పెళ్ళయిన ఆయన పెద్దయ్యాక అత్తవారింటికి బయల్దేరాడనీ, ఏటి మధ్యలో వరద ముంచుకొస్తే బతికితే చాలని ఆతుర సన్యాసం పుచ్చుకున్నాడనీ చెబుతారు. పెళ్ళాన్ని చూడబోయి సన్యాసి అయినవాడు, ఆలుమగల అలక మీద అంత గొప్ప కలాపం రాశాడు. ఆ పిల్ల ఏమైందో మాత్రం ఏ కథా చెప్పదు.

మేం వెళ్ళినప్పుడు ఒక అరుగు మీద పిల్లలు అడుగులు వేస్తున్నారు. తట్టుకర్ర తాళానికి చిన్న చిన్న పాదాలు. పిల్లల్ని ఇంట్లో వదిలేసి వచ్చి, ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని చూస్తూ నిలబడ్డాం! అక్కడ మా ఆయన ఉన్నట్టుండి, "నాకు మృదంగం నేర్చుకోవాలని ఉండేది. నాన్న లెక్కల ట్యూషన్‌లో వేశారు" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకీ సంగతి తెలియదు. ఆయన దాచిందేమీ కాదు. చెప్పే సందర్భం రాలేదు, అంతే. ఏం వాయించాలనుకున్నారు, ఎవరి దగ్గర, ఎందుకు మానేశారు, అన్నీ అడిగాను. చల్లపల్లి దాకా అదే మాట.

బందరు చేరేసరికి పొద్దువాలింది. మంగినపూడి బీచి ఊరికి పది పదకొండు కిలోమీటర్లు. బొమ్మల్లో చూసే నీలిసముద్రం ఆశించకండి. డెల్టా సముద్రం, నీళ్ళు బురదరంగులో ఉంటాయి. లోతు తక్కువన్న పేరుంది, అయినా ఆ పేరు నమ్ముకుని లోపలికి పోకూడదు. ఒడ్డున కూర్చోవడానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. పిల్లలుంటే సముద్రం దగ్గర తల్లిదండ్రులు సముద్రాన్ని చూడరు, పిల్లల తలలు లెక్కపెడుతుంటారు. ఆ సాయంత్రం నేను నిజంగా అలలు చూశాను.

కొందరు షరతు పెట్టుకుంటారట, పిల్లల మాట ఎత్తకూడదని. ఎత్తితే జరిమానా అట. అదేం షరతు! పిల్లలు మా ఇద్దరి మధ్యా ఉన్న పెద్ద విషయం, వాళ్ళ గురించి మాట్లాడకుండా ఎలా? మేం చాలాసేపు వాళ్ళ గురించే మాట్లాడుకున్నాం. కాకపోతే ఫీజుల గురించి కాదు. పెద్దదానికి ఎవరి పోలిక వచ్చింది, చిన్నవాడు ఎందుకు అబద్ధాలు మొదలుపెట్టాడు, ఇలాంటివి. ఇంట్లో ఆ మాటలకి టైముండదు, ఉన్నా వాళ్ళు వింటుంటారు.

పొద్దున్న అలారం లేకుండానే ఐదింటికి మెలకువ వచ్చింది. క్యారేజీలు కట్టే పని లేదు, నీళ్ళ మోటారు వేసే పని లేదు. ఇంకొకరు కలిపిన కాఫీ మంచం దగ్గరికి వచ్చింది. ఆ కాఫీ గొప్పగా ఏమీ లేదు, అయినా నేను వంక పెట్టలేదు.

బందరులో చూడ్డానికి చాలానే ఉంది. ఇంగ్లీషువాళ్ళ ఈస్టిండియా కంపెనీ 1611లోనే ఇక్కడ దిగింది. డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్ళోనే. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం, చిలకలపూడిలో రోల్డు గోల్డు నగలు. అన్నీ ఒక్క ఆదివారంలో చుట్టేయాలని పరుగులు పెడితే అది విద్యార్థుల ఎక్స్‌కర్షన్ అవుతుంది. మేం పెడన ఒక్కటే చూశాం. చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద ఒత్తి, పిడికిలితో ఒక్క పోటు పొడుస్తారు. ఆ చప్పుడు వింటూ ఎంతసేపైనా ఉండొచ్చు.

దారి పొడుగునా ఒక ప్రశ్న మాత్రం తప్పదు. "పిల్లలేరమ్మా?" గుళ్ళో అడిగారు, టీకొట్టు దగ్గర అడిగారు, చల్లపల్లిలో కలిసిన దూరపు చుట్టం అడిగింది. ఇంటి దగ్గర ఉన్నారంటే, "అయ్యో" అంటారు. ఆ అయ్యోకి కంగారు పడకండి. శ్రీకాకుళం స్వామి దర్శనానికి వచ్చామని చెబితే అయ్యో కాస్తా ఆహా అవుతుంది. మన దేశంలో దేవుడి పేరు చెబితే దంపతుల షికారుకి ఎవరూ అడ్డురారు. అన్నవరం వ్రతాలూ తిరుపతి మొక్కులూ ఇన్నాళ్ళూ చేసిన మేలు అదే.

అయితే అందరికీ ఇంట్లో అత్తగారో అమ్మో ఉండరు. ఉద్యోగాల కోసం ఊరుగాని ఊళ్ళో ఉన్నవాళ్ళకి, ఇద్దరే ఉన్న కాపురాలకి ఇది కష్టమే. నాకు తెలిసిన ఒక జంట తమలాంటి ఇంకో జంటతో వంతులేసుకున్నారు. ఒక నెల వీళ్ళ పిల్లలు వాళ్ళింట్లో, మరో నెల వాళ్ళ పిల్లలు వీళ్ళింట్లో. పిల్లలకది పండగ. మరీ పసివాళ్ళున్నా, పాలు తాగే బిడ్డున్నా, ఎవరికన్నా ఒంట్లో బాగుండకపోయినా తొందరపడొద్దు, ఊరు ఎక్కడికీ పోదు.

పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళలో వాళ్ళ మోకాళ్ళ సంగతి మరిచిపోకూడదు. చెప్పిన టైముకి తిరిగి రావాలి. ఆదివారం సాయంత్రం ఆరింటికి అంటే ఆరింటికే. వచ్చాక "పిల్లలు ఏమన్నా ఇబ్బంది పెట్టారా" అని మాటవరసకి అడిగి ఊరుకోకుండా, ఆ రాత్రి వంట మీరే చేసి వాళ్ళని కూర్చోబెట్టాలి. బందరు కోనేరు సెంటర్లో లడ్డు కొనేటప్పుడు కూడా ఈ లెక్క గుర్తుండాలి. శెనగపిండి పూస వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లంపాకం, నెయ్యి పోసి మళ్ళీ తొక్కి కడతారు గనక దాన్ని తొక్కుడు లడ్డు అంటారు. పళ్ళు లేనివాళ్ళు కూడా హాయిగా తినొచ్చు. రెండు డబ్బాలు కొనండి. ఒకటి పిల్లలకి, ఒకటి వాళ్ళని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకి. ఒకే డబ్బా అయితే పిల్లలు మిగల్చరు.

ఇప్పుడు రేడియో దగ్గర మనవలున్న పెద్దవాళ్ళెవరైనా కూర్చుని ఉంటే, మీకు ఒక్క మనవి. మీ అబ్బాయీ కోడలూ, మీ అమ్మాయీ అల్లుడూ మిమ్మల్ని నోరు తెరిచి అడగరు. మొహమాటం. పిల్లల్ని మీమీద వదిలేసి తిరుగుతున్నారంటారేమోనని భయం. వచ్చే రెండో శనివారం మీరే పిలిచి, "పిల్లల్ని నేను చూసుకుంటాను, మీరిద్దరూ వెళ్ళిరండి" అని చెప్పండి.